కంటికి ఆనని కాడెడ్లు

నీళ్లలో చేతులూ కాళ్లూ ఆడించడం ఆపేసినా మనిషి వెంటనే ఆగడు. ఒంట్లో మిగిలిన ఊపు ఇంకో బారెడు దూరం ముందుకు తోస్తుంది. బ్యాక్టీరియాకు ఆ భాగ్యం లేదు. అది ఈత ఆపిందంటే అక్కడికక్కడే ఆగిపోయినట్టు. ఆగేలోపు అది జారే దూరం ఒక పరమాణువు మందం కూడా ఉండదు. 1952లో నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ పర్సెల్ ఈ లెక్క కట్టి, 1977లో ఒక చిన్న వ్యాసంలో అచ్చువేశారు. మీటరులో పది లక్షలో వంతు కొలతకు దిగేసరికి నీళ్లు మనకు తెలిసిన నీళ్లు కావు. అక్కడ బరువుకు విలువ లేదు, వేగానికి జ్ఞాపకం లేదు. ఎటు కదిలినా పట్టి ఉంచే జిగురు ఒక్కటే ఉంది.

ఆ లోకంలో మన ఈతలేవీ పనికిరావు. స్కాలప్ అనే సముద్రపు ఆల్చిప్ప ఉంది. మెల్లగా నోరు తెరిచి, గభాలున మూసి, నీళ్లు చిమ్ముకుంటూ ముందుకు దూకుతుంది. దాన్నే బ్యాక్టీరియా అంత చిన్నది చేసి నీళ్లలో వదిలితే, నోరు తెరిచినప్పుడు ఎంత జరుగుతుందో, మూసినప్పుడు సరిగ్గా అంతే తిరిగి వస్తుంది. ఎంత గభాలున మూసినా అంతే. పోయిన దారినే తిరిగొచ్చే కదలికతో అక్కడ ఒక్క అడుగూ పడదని పర్సెల్ తేల్చారు. అందుకే బ్యాక్టీరియా తెడ్డు వేయదు, మర తిప్పుతుంది.

మన పేగుల్లో కాపురముండే ఈ-కోలైనే తీసుకోండి. ఒంటి పొడవు 2 మైక్రాన్లు. వరసగా ఐదు వందలు పేరిస్తే ఒక మిల్లీమీటరు. ఒంటి మీద అక్కడక్కడా నాలుగైదు పోగులు మొలిచి ఉంటాయి. ఒక్కొక్కటీ ఒంటికన్నా నాలుగైదు రెట్లు పొడవు, మందం చూస్తే 20 నానోమీటర్లు. పోగు మెత్తగా వేలాడదు, మెలితిరిగి బిరుసుగా ఉంటుంది. దాని మొదట్లో, కణం పొరలో పాతుకుని, 45 నానోమీటర్ల వెడల్పున ఒక మోటారు. మోటారు అని మాటవరసకు అనడం లేదు. తిరిగే చక్రం, దాన్ని తిప్పే కదలని దిమ్మెలు, ఇరుసు, ఇరుసు ఒరుసుకోకుండా బేరింగులు, మలుపు దగ్గర వంగే కొక్కెం, అన్నీ ఉన్నాయి. అన్నీ ప్రోటీన్లే. బయటి నుంచి లోపలికి దూసుకొచ్చే ప్రోటాన్లు దానికి ఇంధనం. ఒక్క చుట్టుకు వెయ్యికి పైగా ప్రోటాన్లు ఖర్చు. సెకనుకు వంద చుట్లు మామూలు సంగతి. సముద్రంలో ఉండే విబ్రియో జాతి ఒకటైతే సోడియంతో నడిచే మోటారును సెకనుకు 1,700 చుట్ల దాకా తిప్పుతుంది.

ఇది నిజంగా చక్రంలా తిరుగుతుందంటే చాలాకాలం ఎవరూ నమ్మలేదు. ప్రాణి ఒంట్లో ఆగకుండా తిరిగే ఇరుసు ఏమిటి, పోగు కొరడాలా ఊగుతుందేమోనని అనుకున్నారు. 1973లో హోవర్డ్ బెర్గ్, రాబర్ట్ ఆండర్సన్ తిరుగుతుందనే వాదించారు. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలో మైకేల్ సిల్వర్‌మన్, మెల్విన్ సైమన్ దాన్ని కళ్లకు కట్టారు. పోగును పట్టుకునే యాంటీబాడీతో దాన్ని గాజుపలకకు అతికించేశారు. ఇరుసు కదలకుండా బిగిస్తే ఒళ్లే తిరగాలి కదా. తిరిగింది. సూక్ష్మదర్శిని కింద కణం కణమంతా ఒక చోట మేకు కొట్టినట్టు నిలబడి గిరగిరా తిరగసాగింది. కాసేపు ఇటు, ఉన్నట్టుండి అటు. ఇంత సులువైన సాక్ష్యం జీవశాస్త్రంలో అరుదు.

ఆ 'ఇటు', 'అటు'లోనే దాని బతుకంతా ఉంది. పోగులన్నీ ఒకే దిక్కున తిరుగుతున్నంతసేపూ కట్టగా చేరి వెనక నుంచి నెడతాయి. ఓ సెకను సేపు తిన్నని పరుగు. ఏ ఒక్క మోటారు దిక్కు మార్చినా కట్ట చెదురుతుంది, ఒళ్లు దొర్లుతుంది, సెకనులో పదో వంతు గడిచాక మళ్లీ పరుగు. ఈసారి ఎటు అన్నది దాని చేతిలో లేదు. చేతిలో ఉన్నది పోల్చుకోవడం ఒక్కటే. ఇప్పటి సెకనులో తగిలిన రుచి, అంతకు ముందు మూడు సెకన్లలో తగిలిన రుచి. బాగుపడుతుంటే పరుగు పొడిగిస్తుంది, లేదంటే త్వరగా దొర్లుతుంది. మెదడు లేదు, కన్ను లేదు. నాలుగు సెకన్ల జ్ఞాపకంతో తిండి ఉన్న చోటికి చేరుకుంటుంది.

2 మైక్రాన్ల ఒంట్లో ఇంజనూ, ఇంధనమూ, దారి వెతుక్కునే తెలివీ కలిపి అమర్చిన యంత్రమేదీ ఇంతవరకూ మనుషుల చేతుల్లో తయారు కాలేదు. మోటారును చిన్నది చేయగలిగినా దానికి తగ్గ బ్యాటరీని చిన్నది చేయలేక ఆగిపోతున్నారు. అలాంటప్పుడు ఉన్నదాన్నే కాడికి కడితే పోలా?

2005లో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం ఆ పనే చేసింది. తమ పరిశోధనకు 'మైక్రోఆక్సెన్', అంటే బుల్లి ఎద్దులు అని పేరు కూడా పెట్టింది. వాళ్లు కట్టింది బ్యాక్టీరియాను కాదు, క్లామిడోమోనాస్ అనే ఏకకణ నాచును. 10 మైక్రాన్ల పచ్చని గుండ్రని కణం, ముందు రెండు కొరడాలు. దాని ఒంటికి ప్లాస్టిక్ పూస అంటించి ఒక పక్కన దీపం వెలిగించారు. నాచు వెలుగు కోసం ఈదింది, పూస వెంట వచ్చింది. చేరాల్సిన చోటికి చేరాక అతినీలలోహిత కాంతి వేశారు. ఆ కాంతికి తెగిపోయే బంధంతోనే పూసను అంటించారు కనక అది ఊడిపోయింది, నాచు దాని మానాన అది పోయింది. బరువు మోశానన్న సంగతి దానికి తెలియదు. ఈ విద్యలో గుట్టంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. ఈ ఎద్దును ముల్లుకర్రతో పొడిచి లాభం లేదు. అది తనంతట తాను ఎటు పోవాలనుకుంటుందో కనిపెట్టి, మన బండి అటు తిప్పుకోవాలి.

రెండేళ్ల తర్వాత పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బహారే బెహ్కమ్, మెటిన్ సిట్టి కాడి కట్టింది అచ్చంగా బ్యాక్టీరియాకే. దాని పేరు సెరాషియా మార్సెసెన్స్. పేరు వినకపోయినా చూసే ఉంటారు. స్నానాల గదిలో గచ్చు మూలన, బకెట్ అంచున పేరుకునే గులాబీరంగు జిగట చాలాసార్లు దీని పనే. 1819లో ఇటలీలో పదువా దగ్గరి పల్లెలో మొక్కజొన్న సంకటి నెత్తురు ఒలికినట్టు ఎర్రబారితే ఊరు ఊరంతా దడుసుకుంది. బార్టొలొమియో బిజియో అనే ఫార్మసిస్టు అది శాపమూ కాదు, శకునమూ కాదు, కంటికి ఆనని ఒక జీవి అని చెప్పి, దాన్ని కొత్త సంకటి మీద పెంచి మరీ చూపించాడు.

ఆ జీవిని పిట్స్‌బర్గ్‌లో 10 మైక్రాన్ల పాలీస్టైరీన్ పూసలకు అంటించారు. ఒక్కో పూసకు కొన్ని బ్యాక్టీరియాలు. పూస సెకనుకు దాదాపు 15 మైక్రాన్ల వేగంతో కదిలింది. అంటే సెకనులో తన ఒంటి పొడవును మించి పోయిందన్నమాట. ఆపాలంటే నీళ్లలో రాగి అయాన్లు కలిపారు, మోటార్లు బిగుసుకున్నాయి. మళ్లీ నడపాలంటే ఆ రాగిని పట్టేసుకునే ఈడీటీఏ అనే రసాయనం పోశారు, మోటార్లు తిరిగాయి. ఆపడం, నడపడం సాధ్యమేనని రుజువు చేయడానికి ఇది చాలు గానీ, పద్ధతి మొరటే. పైగా పూస చుట్టూ తలో పక్కన అంటుకున్న బ్యాక్టీరియాలు తలో దిక్కుకు లాగేవి. తర్వాత పూసలో ఒక సగానికే అవి అంటుకునేలా చేస్తే నడక కాస్త తిన్నబడింది.

అసలు అంటించకుండానే పని చేయించుకుంటే ఎలా ఉంటుందని మరికొందరు చూశారు. 2010లో రెండు బృందాలు, ఒకటి రోమ్‌లో, ఇంకొకటి అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో, దాదాపు ఒకే ఊహతో బయల్దేరాయి. పళ్లు ఒక పక్కకు వాలిన చిన్న చక్రాన్ని బ్యాక్టీరియాలు కిక్కిరిసిన ద్రవంలో వేశారు. అవి ఎటు పడితే అటు ఈదుతున్నాయి, ఎవరూ వాటికి దారి చెప్పడం లేదు. అయినా చక్రం ఒకే దిక్కున తిరగడం మొదలుపెట్టింది. వాలు పక్క తగిలిన బ్యాక్టీరియా జారిపోతుంది. మూల పక్క తగిలింది మాత్రం అందులో ఇరుక్కుని నెడుతూనే ఉంటుంది. అందుకే ఒక దిక్కు తోపుదే పైచేయి. రోమ్ చక్రం వెడల్పు 48 మైక్రాన్లు, ఆర్గాన్‌లోది 380. నిమిషానికి ఒకటీ రెండూ చుట్లు. ద్రవంలోకి ఆక్సిజన్ ఆపేసి నైట్రోజన్ వదిలితే ఆర్గాన్ చక్రం ఆగింది, ఆక్సిజన్ ఇస్తే కదిలింది. మామూలు నీటి అణువుల అలజడితో ఇలాంటి చక్రం తిప్పడం అసాధ్యమని భౌతికశాస్త్రం ఎప్పుడో తేల్చింది. ఆ అణువులకు ఆకలి లేదు కదా, బ్యాక్టీరియాకు ఉంది.

బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, జవాహర్‌లాల్ నెహ్రూ కేంద్రం శాస్త్రవేత్తలు బ్యాక్టీరియాల ఈ అలజడిని ఇంకో దారిలో వాడారు. లేజర్ కాంతిలో పట్టి ఉంచిన ఒక పూసను బ్యాక్టీరియాల నడుమ ఉంచి, దాన్ని ఉష్ణయంత్రంగా నడిపి, 2016లో ఆ సంగతి ప్రకటించారు.

రోమ్ బృందం అక్కడితో ఊరుకోలేదు. సముద్రపు బ్యాక్టీరియాల్లో ప్రోటియోరొడాప్సిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. వెలుగు పడితే అది ప్రోటాన్లను కణం బయటికి తోడిపోస్తుంది. దాని జన్యువును ఈ-కోలైలో పెట్టి, ఆక్సిజన్ అందకుండా చేస్తే? చీకట్లో మోటారుకు ఇంధనం లేదు. పచ్చని వెలుగు పడగానే ప్రోటాన్లు బయటికి పోతాయి, మోటారు గుండా లోపలికి దూసుకొస్తాయి, పోగులు తిరుగుతాయి. వెలుగు పెంచితే వేగం, తగ్గిస్తే నెమ్మది. 2017లో వాళ్లు చేసిన చక్రాల అంచున చిన్న చిన్న గూళ్లున్నాయి. ఒక్కో గూటిలో ఒక్కో బ్యాక్టీరియా తలదూర్చి, పోగులు బయట పెట్టి నెడుతుంది. చక్రాలన్నీ ఒకే వేగంతో తిరిగేలా కంప్యూటర్ ఒక్కో చక్రం మీద పడే వెలుగును వేరువేరుగా సవరిస్తూ ఉంటుంది. మరుసటి ఏడాది అదే జాతి బ్యాక్టీరియాల మీద చిత్రం రూపంలో వెలుగు వేస్తే, నెమ్మదించిన చోట అవి గుమిగూడి, వేగమందుకున్న చోట పలచబడి, మోనాలిసా ముఖం తేలింది. చూడముచ్చటైన పనే. ఉపయోగం ఏమిటని అడిగేవాళ్లకు మాత్రం మట్టిలో దొరికిన జీవి గురించి చెప్పాలి.

1975లో అమెరికా తూర్పు తీరాన వుడ్స్ హోల్‌లో రిచర్డ్ బ్లేక్‌మోర్ అనే పరిశోధక విద్యార్థి ఉప్పుకయ్య బురదను సూక్ష్మదర్శిని కింద చూస్తున్నాడు. చుక్కలోని కొన్ని బ్యాక్టీరియాలు పని పెట్టుకున్నట్టు ఒకే అంచుకు పోయి చేరుతున్నాయి. కిటికీ వెలుగు కోసమేమో అనుకున్నాడు. వెలుగును అడ్డుకున్నా అవి అటే పోయాయి. సూక్ష్మదర్శినిని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. గదిలో అవి పోయే దిక్కు మాత్రం మారలేదు. చివరికి ఒక అయస్కాంతం పక్కకు తెచ్చాడు. ఈదుతున్నవన్నీ ఒక్కసారిగా మలుపు తీసుకున్నాయి. అంతకు ముందు 1963లోనే ఇటలీలోని పావియాలో సాల్వతోరె బెల్లీని ఇదే వింత చూసి రాసిపెట్టారు గానీ, ఆ రాత దశాబ్దాల పాటు లోకం కంటబడలేదు.

ఆ బ్యాక్టీరియాల ఒంట్లో మాగ్నటైట్ గింజలు వరసగా పేర్చి ఉంటాయి. ఇనుము, ఆక్సిజన్ కలిసిన నల్లని ఖనిజం అది. నీళ్లలో కరిగిన ఇనుమును పీల్చుకుని, పలచని పొర సంచుల్లో స్ఫటికాలుగా అవే పెంచుకుంటాయి. ఒక్కో గింజ 35 నుంచి 120 నానోమీటర్ల లోపు. అంతకన్నా చిన్నదైతే అయస్కాంతత్వం నిలవదు. పెద్దదైతే లోపల్లోపలే ముక్కలై, ఒకదాన్ని ఒకటి చెల్లబెట్టుకుంటాయి. ఏ కొలిమీ, ఏ కొలబద్దా లేని బురదలో ఈ కొలత ఎలా కుదిరిందో తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

అయస్కాంతం వాటిని లాగదని గమనించాలి. దిక్కు చూపడం వరకే దాని పని. చచ్చిన బ్యాక్టీరియా కూడా సూది ముల్లులా ఉత్తరానికి తిరిగి నిలబడుతుంది, ప్రయాణం మాత్రం చేయదు. బతికున్నదైతే ఆ గీత వెంబడి ఈదుతుంది. ఇంతకీ ఉత్తరాన దానికేం పని? ఉత్తరార్ధగోళంలో భూమి అయస్కాంత రేఖలు ఉత్తరానికి పోతూ నేలలోకి దిగుతాయి. కాబట్టి దానికి ఉత్తరం అంటే కింద. దక్షిణార్ధగోళంలో దిగుడు దక్షిణం వైపు. బ్లేక్‌మోర్, ఆయన సహచరులు న్యూజిలాండ్, ఆస్ట్రేలియా బురదల్లో వెతికితే దక్షిణానికి ఈదేవే దొరికాయి. బ్రెజిల్‌లోని ఫొర్టలేజా అప్పట్లో అయస్కాంత మధ్యరేఖ దగ్గర ఉండేది, అక్కడ రెండు రకాలూ కనిపించాయి. మన దేశంలో ఆ రేఖ తిరునల్వేలి దరిదాపుల్లోంచి పోతుంది. అక్కడి చెరువు అడుగున ఈ జీవులు ఏ దిక్కును నమ్ముకుంటాయో చూడాలనిపిస్తుంది.

దిగి దిగి అవి వెతికేది ఆక్సిజన్ తగ్గుతూ తగ్గుతూ దాదాపు లేకుండా పోయే సన్నని పొర. పూర్తిగా ఉన్నా పనికిరాదు, బొత్తిగా లేకపోయినా పనికిరాదు. అయస్కాంతం లేని బ్యాక్టీరియా ఆ పొర కోసం నలుదిక్కులా తడుముకోవాలి. దీనికి మాత్రం పైకా, కిందకా అన్న ఒక్క ప్రశ్నే మిగులుతుంది.

మాంట్రియాల్‌లోని పాలిటెక్నిక్‌లో సిల్వాన్ మార్టెల్‌కు నచ్చింది ఈ పొదుపే. ఆయన ఎంచుకున్నది ఎంసీ-1. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రపు ఉప్పునీటి కయ్యలో దొరికిన జాతి. 2 మైక్రాన్ల గుండ్రని ఒళ్లు, రెండు పోగుల కట్టలు, సెకనుకు 200 నుంచి 300 మైక్రాన్ల వేగం. ఈ-కోలై సెకనుకు ముప్పై మైక్రాన్లు పోతేనే గొప్ప. భూమి అయస్కాంత బలం కన్నా కాస్త ఎక్కువ క్షేత్రం ఇస్తే చాలు, మంద మందంతా చెప్పిన దిక్కుకు తిరుగుతుంది. 2010 ప్రాంతంలో ఐదు వేల బ్యాక్టీరియాలతో చిన్న చిన్న ఇటుకలు మోయించి బుల్లి పిరమిడ్ కట్టించారు. అది పత్రికల కోసం చేసిన ఆర్భాటం పాలు ఎక్కువని నా అనుమానం. 2016లో అచ్చయిన పని మాత్రం వేరే తరహాది.

పెరిగే క్యాన్సర్ గడ్డ లోపల రక్తనాళాలు చాలినన్ని ఉండవు. మధ్యభాగానికి ఆక్సిజన్ అందదు. రక్తమే చేరని చోటికి రక్తంలో కలిపిన మందు ఎలా చేరుతుంది? ఆక్సిజన్ లేనిచోట రేడియేషన్ దెబ్బా సరిగా తగలదు. వైద్యుడికి అందని ఆ మూల, ఎంసీ-1కు తన బురద పొరే. మార్టెల్ బృందం ఒక్కో బ్యాక్టీరియా ఒంటికి దాదాపు 70 నానో లిపోజోములను అంటించింది. మందు నింపుకోగల కొవ్వు బుడగలవి. మనిషి పెద్దపేగు క్యాన్సర్ గడ్డను పెంచిన ఎలుకల్లో, ఆ బ్యాక్టీరియాలను గడ్డ పక్కన సూదితో ఎక్కించారు. మొదట అయస్కాంత క్షేత్రంతో గడ్డ వైపు తిప్పారు. ఆ పైన క్షేత్రం తీసేసి వాటి ఇష్టానికి వదిలేశారు. ఆక్సిజన్ తగ్గే దారి పట్టుకుని అవే లోపలికి పోయాయి. 55 శాతం దాకా ఆక్సిజన్ అందని భాగంలో చొరబడ్డాయి. చివరి మలుపులో కళ్లెం వదిలేయడమే ఇందులోని నేర్పు. గడ్డ లోపలి దారి ఎలా ఉంటుందో ఏ స్కానింగు అంత సూక్ష్మంగా చూపించలేదు, ఈ జీవికి చూడాల్సిన పనే లేదు.

స్టుట్‌గార్ట్‌కు మారిన మెటిన్ సిట్టి ఇంకో దారి పట్టారు. 2022లో ఆయన బృందం ఈ-కోలైకే అయస్కాంత రేణువులూ మందు బుడగలూ అంటించి, దిక్కు తెలియనిదానికి దిక్కు నేర్పింది.

ఇదంతా ఎలుకల దాకా, గాజుపలకల దాకా వచ్చిన కథ. మందు మోసే బ్యాక్టీరియా రోబో ఏదీ ఇంకా ఆస్పత్రిలోకి రాలేదు. ధమనిలో రక్తం సెకనుకు పదుల సెంటీమీటర్ల వేగంతో పరిగెడుతుంది, సెకనుకు మిల్లీమీటరులో మూడో వంతు ఈదే జీవి దానికి ఎదురీదలేదు. గడ్డ పక్కనే దింపాల్సి వచ్చింది అందుకే. ఎంసీ-1 పుట్టింది చల్లని నీళ్లలో, మన ఒంటి వేడికి ముప్పావుగంట లోపే చతికిలపడుతుంది. పని అయ్యాక చచ్చిపోతుంది కనక ఇది లోపమా, సుగుణమా అన్నది చూసే కోణాన్ని బట్టి ఉంటుంది. రక్షక కణాలు ఊరుకోవు. లోతున ఉన్న మంద ఎక్కడిదాకా పోయిందో బయటి నుంచి చూడటమూ కష్టమే.

క్యాన్సర్ మీదికి బ్యాక్టీరియాను తోలడం మాత్రం కొత్త కాదు. న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ 1890లలో చంపిన బ్యాక్టీరియాల మిశ్రమాన్ని రోగులకు ఎక్కించేవారు. అందులో ఒకటి సంకటిని ఎర్రబరిచిన సెరాషియానే. ఇవాళ మూత్రాశయ క్యాన్సర్ తొలి దశల్లో బతికున్న బ్యాక్టీరియానే మందుగా వాడుతున్నారు. పసిపిల్లల భుజాన పొడిచే బీసీజీయే అది. గొట్టం గుండా మూత్రాశయంలోకి వదిలి, రెండు గంటల సేపు పట్టి ఉంచమంటారు. బీసీజీకి పోగులు లేవు, ఈత రాదు. అక్కడికి గొట్టం చేరుతుంది కనక రాకపోయినా నడుస్తోంది. పెద్దపేగు గడ్డ నట్టనడుమకు అలాంటి గొట్టమేదీ లేదు.